అత్తరు షెడ్డు

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను వెనకాల సైరనమ్మ అనేవాళ్ళు. ఎదురుపడితే మేడమ్. రంగుల్లోనూ జిగురుల్లోనూ కలిపే ద్రావకాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె సేఫ్టీ ఆఫీసరు. సరిగ్గా భోజనాల మధ్యలో సైరన్ మోగించి, చేతులు కూడా కడుక్కోనివ్వకుండా అందరినీ మైదానంలోకి పరుగెత్తించేది. ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డవాళ్ళ మొహం మీదే, "నిజంగా మంటలొస్తే మీలో సగం మంది ఈపాటికి బొగ్గయ్యేవాళ్ళు" అనేసేది. తిట్టుకునేవాళ్ళు తిట్టుకుంటూనే ఉండేవాళ్ళు. కానీ మళ్ళీసారి కాస్త త్వరగా పరుగెత్తేవాళ్ళు.

ఆ ఫ్యాక్టరీ మేనేజరు ఆమెకు స్వయానా మేనమామ. ఉద్యోగం ఆయన చలవేనని కాలనీ అంతా అనుకునేది. నిజానికి ఆమె ఇంటర్వ్యూ రోజున ఆయన కడుపునొప్పని సెలవుపెట్టి ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు, ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని. అంతటి ధైర్యశాలి. చెడ్డవాడు కాదు. మనిషన్నాక చెడు చెయ్యడానికైనా కాస్త తెగువ కావాలి, అది ఆయన దగ్గర లేదు. పైవాళ్ళ ఫోనొస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు. అవతలివాళ్ళకు కనపడదని ఎవరు చెప్పినా కూర్చునేవాడు కాదు.

అలాంటి చోటికి హెడ్డాఫీసునుంచి ఖర్చులు తగ్గించే నిపుణుడొకడు దిగాడు. వారం తిరక్కుండానే అతనికి కత్తెర అని పేరుపడింది. సన్నగా, నున్నగా, ఎప్పుడూ ఎక్కడికో ప్రయాణమైనట్టుండే మనిషి. ఎవరితో మాట్లాడినా నవ్వుతూనే మాట్లాడతాడు. ఆ నవ్వు చూశాక ఎవరి ఉద్యోగం ఉంటుందో ఎవరిది పోతుందో తెలిసేది కాదు. ముందు తోటమాలి పోయాడు, సరే అనుకున్నారు. తర్వాత క్యాంటీన్‌లో గరిటె చిన్నదైంది, గొణుక్కున్నారు. ఆ తర్వాత గ్యాసు లీకైతే కూతపెట్టే పరికరాలను ఏటా పరీక్షించే పని ఆగిపోయింది. సైరన్ మరమ్మతుల కాంట్రాక్టు రద్దయింది. మంటలార్పే దళంలోవాళ్ళను ప్యాకింగుకి మార్చేశారు. "నిప్పంటుకుంటే ఊళ్ళో ఫైరింజను ఉందిగా" అన్నాడు కత్తెర, అదేదో తనే కనిపెట్టినట్టు.

ఇవన్నీ అయ్యాక అతని కన్ను వెనకున్న పాత షెడ్డు మీద పడింది. కాలనీ గోడను ఆనుకుని ఉండే ఆ షెడ్డును ఖాళీగా ఉంచాలని పట్టుబట్టింది సైరనమ్మే. అటు జనం ఇళ్ళు, ఇటు ద్రావకాల ట్యాంకులు, మధ్యలో కాస్త ఎడం ఉండాలని. కత్తెరకి ఆ ఎడం దండగలా కనిపించింది. నెల తిరిగేసరికి దాన్ని అద్దెకిచ్చేశాడు. తీసుకున్నది అత్తరు కంపెనీ అన్నారు. మెడలో లావుపాటి గొలుసేసుకుని, చేతికి మూడు ఉంగరాలు పెట్టుకుని ఒకాయన వచ్చి తాళం తీసుకున్నాడు. అందరూ ఆయన్ను అత్తరాయన అన్నారు.

అత్తరు కంపెనీ నుంచి వచ్చే వాసన చెబితే నమ్మరు. కుళ్ళిన పండ్లలో పిల్లి ఉచ్చపోసినట్టుండేది. కాలనీలో ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు తీసి మళ్ళీ ఉతుక్కునేవాళ్ళు. షెడ్డు కిటికీలకు లోపల్నించి నల్ల కాగితాలు అతికించారు. లోపల పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు క్యాంటీన్‌కి రారు, ఎవరితోనూ మాట్లాడరు, కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉండేవి. వాళ్ళు లోపలుండగానే అత్తరాయన బయట తాళం వేసుకుని పోయేవాడు. అన్నిటికంటే సైరనమ్మను కుదిపింది మరొకటి. ఫ్యాక్టరీ ద్రావకాల డ్రమ్ములు, పేర్లు గీకేసి, షెడ్డు పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. మన సరుకే, బిల్లు లేకుండా గోడదాకా నడిచిపోతోంది.

ఆమె నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. ఆఫీసులో ఆయన్ను సార్ అని పిలిచేది. ఆ రోజు తలుపు వేసి, "మామయ్యా" అంది.

మామయ్య ఆ పిలుపుకే బెదిరిపోయాడు. "ఏమ్మా, అక్కకి ఒంట్లో బాగాలేదా?"

"అమ్మ బాగానే ఉంది. ఆ షెడ్డులో చేసేది అత్తరు కాదు. మత్తుమందు."

"నెమ్మదిగా, నెమ్మదిగా." ఆయన లేచి కిటికీ మూశాడు. "నువ్వు చూశావా?"

"లోపలికి పోనిస్తేగా చూడటానికి. చదువుకున్న చదువు మర్చిపోలేదు నేను. అత్తరు చేసేవాడు కిటికీలకు నల్ల కాగితాలెందుకు అతికిస్తాడు? మనుషుల్ని లోపల పెట్టి తాళమెందుకేస్తాడు? మన డ్రమ్ములు వాడికెందుకు?"

"ఒప్పందంలో రాసుకున్నాం. వాళ్ళ గడప మనం తొక్కకూడదు."

"గడప తొక్కొద్దు. పోలీసులకి ఫోన్ చెయ్యి."

మామయ్య కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు. "చూడమ్మా, ఇంకొన్నాళ్ళలో రిటైరవుతాను. ఈ నాలుగు రోజులూ గుట్టుగా వెళ్ళిపోనీ. నీకు అన్నీ ప్రమాదాల్లాగే కనిపిస్తాయి. చిన్నప్పుడు టపాకాయలు కాల్చినా బకెట్టు నీళ్ళు పట్టుకుని నిలబడేదానివి."

"అందుకే నీ చొక్కా కాలిపోతే ఆర్పగలిగాను" అనేసి ఆమె బయటికొచ్చింది.

ఇక మిగిలింది కత్తెర. అతనిది అద్దాల గది. అందులో కుర్చీ, బల్ల, ఒక మొక్క. మొక్క ప్లాస్టిక్‌ది, నీళ్ళ ఖర్చు ఉండదని కాబోలు. సైరనమ్మ చెప్పిందంతా అతను నవ్వుతూ విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. అంత మర్యాదగా వినేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది.

"మేడమ్, మీరిక్కడ చేరాక పెద్ద ప్రమాదం ఏదైనా జరిగిందా?" అని అడిగాడు.

"లేదు."

"ఒక్కటి కూడా?"

"జరగనివ్వలేదు."

"అంటే ఇక్కడ ప్రమాదాలు జరగవన్నమాట. జరగని వాటికోసం ఒక ఆఫీసరెందుకు చెప్పండి?"

అతను వేళాకోళం చెయ్యడం లేదని ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు. ప్రమాదం జరిగితే ఏం చేస్తున్నావని అడుగుతారు. జరగకపోతే నువ్వెందుకని అడుగుతారు. మధ్యలో ఆ ఉద్యోగానికి చోటెక్కడుంది? ఆ వారాంతంలోనే ఆమెకు పూలగుత్తి ఇచ్చి, శాలువా కప్పి, చప్పట్లు కొట్టి ఇంటికి పంపేశారు. ప్రమాదరహిత సేవలకు గాను అని మామయ్యే ప్రసంగించాడు. ప్రసంగం చదువుతున్నంతసేపూ మేనకోడలి మొహం చూడలేదు. ఆమె శాలువా గేటుదాకా మోసుకెళ్ళి కాపలావాడి కుర్చీమీద పడేసింది. కాపలావాడు దాన్ని మడిచి పెట్టుకున్నాడు, చలికాలం వస్తోందని.

ఫ్యాక్టరీ గోడకవతల కాలనీలోనే ఆమె ఇల్లు. ఆమె, వాళ్ళమ్మ. అమ్మకు తమ్ముడంటే ప్రాణం. ఎత్తుకుని పెంచింది. ఉద్యోగం పోయిందన్న కబురు విని కూడా, "వాడేం చేస్తాడే, వాడి చేతుల్లో ఏముంది?" అంది.

"వాడి చేతుల్లో ఫోనుందమ్మా" అంది కూతురు.

ఆ ఫిర్యాదేదో తనే చేద్దామని మర్నాడు పోలీస్ స్టేషనుకి వెళ్ళింది. స్టేషను ముందున్న బారికేడ్ల మీద ఫ్యాక్టరీ పేరు అందంగా రాసి ఉంది, కంపెనీవాళ్ళు కానుకగా ఇచ్చినవి. దాంతో ఆమెకు సగం సమాధానం అక్కడే దొరికింది. ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా విని, "ఉద్యోగం పోయినవాళ్ళకి ఇలాంటి వాసనలు ఎక్కువగా వస్తాయమ్మా" అన్నాడు. అయినా మాటకోసం జీపులో ఫ్యాక్టరీకి వెళ్ళాడు. మేనేజరు గదిలో కూర్చుని టీ తాగాడు. బిస్కెట్లు తిన్నాడు. షెడ్డు వైపు తల తిప్పకుండా తిరిగొచ్చాడు. టీ బాగుందట.

తర్వాత కొన్నాళ్ళపాటు సైరనమ్మ కాలనీలో గడపగడపకీ తిరిగి, ఏదైనా జరిగితే ఎటు పరుగెత్తాలో చెప్పింది. గాలి ఎటు వీస్తోందో ముందు చూడాలి, దానికి అడ్డంగా పోవాలి, తడిగుడ్డ మొహానికి కట్టుకోవాలి. జనం మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి విన్నారు. ఆమె వీధి మలుపు తిరిగాక, పాపం ఉద్యోగం పోయినప్పటినుంచీ ఇలా అయిపోయిందనుకున్నారు. ఒక్క దర్జీ మాత్రం మిషను తొక్కుతూ, "తడిగుడ్డకేం, నా దగ్గర గుడ్డలకి లోటా!" అని నవ్వాడు.

జరగాల్సింది పట్టపగలే జరిగింది. ఎండ నడినెత్తి మీదుంది. ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. రోజూ వచ్చే కుళ్ళువాసన ఒక్కసారిగా ఘాటెక్కింది, గొంతులో సూదులు గుచ్చినట్టయింది. తలెత్తితే గోడవతల షెడ్డు కప్పులోంచి పసుపుపచ్చ పొగ మెలికలు తిరుగుతూ లేస్తోంది. ఆమె చేతిలో బట్ట అలాగే పట్టుకుని సైరన్ కోసం ఎదురుచూసింది. అలవాటు. మోగలేదు. మరమ్మతుల్లేక ఎప్పుడో మూగబోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మామయ్యకి ఫోన్ చేసింది.

"అందరినీ బయటికి పంపించు. ఫైరింజనుకి ఫోన్ చేశావా?"

"హెడ్డాఫీసు సార్‌ని అడుగుతున్నానమ్మా. ఇవాళ పెట్టుబడిదారులు వచ్చారు. కాన్ఫరెన్సు గదిలో ఉన్నారు. కంగారు పెట్టొద్దంటున్నాడు, వాళ్ళ కార్లు వెళ్ళిపోనివ్వమంటున్నాడు."

"మామయ్యా, గోడకి ఇవతల మీ అక్క ఉంది."

ఆమె ఫోన్ పెట్టేసి, ఫైరింజనుకి తనే కబురు చేసి వీధిలోకి ఉరికింది.

వీధి చివర పాత సామాన్లు కొనేవాడి వ్యాను ఆగి ఉంది. దానిమీద మైకు, "పాత ఇనుము, పాత ప్లాస్టిక్కు కొంటాం" అని తన పాట తాను పాడుకుంటోంది. ఆమె ఆ మైకు లాక్కుంది. "గాలి రోడ్డువైపు వీస్తోంది! రోడ్డుమీదికి పోవద్దు! స్కూలు వైపు నడవండి! సామాన్లు వదిలెయ్యండి, తలుపులు కూడా వెయ్యొద్దు!" వెర్రిదనుకున్నవాళ్ళు కూడా ఆ గొంతు వినగానే కదిలారు. వ్యానువాడు అడక్కుండానే బండిలోని పాత ఫ్రిజ్జులూ సైకిళ్ళూ వీధి పక్కకి దొర్లించి, నడవలేనివాళ్ళను ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. ఆమె వాళ్ళమ్మను ఎత్తి కూర్చోబెట్టింది. తిరిగి చూసేసరికి అమ్మ దిగిపోయి ఉంది. తన చోట్లో నిండు చూలాలిని కూర్చోబెట్టింది.

"అమ్మా, ఎక్కు!"

"నాకు కాళ్ళున్నాయిలేవే. నువ్వు అరుస్తూ ఉండు, నీ పని అది."

అమ్మ మోకాళ్ళ నొప్పులతో అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. పొగ ఆమెకంటే వేగంగా నడిచింది. సైరనమ్మ మైకు వ్యానువాడికిచ్చి, తల్లిని భుజాన వేసుకుని స్కూలు మైదానం చేరేలోగా వెనక పెద్ద చప్పుడయింది. గోడ పక్కన పేర్చిన డ్రమ్ములు ఒకదాని వెంట ఒకటి పేలాయి. కాలనీలో మొదటి వరస ఇళ్ళ కిటికీలన్నీ వీధిలో పడ్డాయి.

దర్జీ అందరితోపాటే బయటికొచ్చాడు. సగం దారిలో, ఎవరివో పెళ్ళిబట్టలు మిషను మీదే ఉండిపోయాయని వెనక్కి పరుగెత్తాడు. దొరికినప్పుడు ఆ బట్టలు ఒళ్ళోనే ఉన్నాయి. షెడ్డులో ఇద్దరు కుర్రాళ్ళు తలుపు దగ్గరే పడి ఉన్నారు. బయట తాళం అలాగే ఉంది. ఊళ్ళోంచి ఫైరింజను వచ్చింది, పాపం వాళ్ళు శక్తివంచన లేకుండా పనిచేశారు. కానీ ద్రావకాల మంటను ఆర్పే నురుగు ఫ్యాక్టరీ గోదాములో ఉండాల్సింది లేదు. అది కొనడం ఎప్పుడో ఆపేశారు, పూలగుత్తి మాత్రం కొన్నారు.

అత్తరాయన మూడు ఉంగరాలతో సహా మాయమయ్యాడు. శిథిలాల్లో దొరికింది మత్తుమందేనని పోలీసులు తేల్చారు, వాసన తమకు మొదటినుంచీ తెలుసన్న మొహాలతో. ఆ సాయంత్రమే కత్తెర టీవీలో కనిపించాడు. నల్లచొక్కా వేసుకున్నాడు. "అద్దెకుండేవాళ్ళ చేతిలో మోసపోయిన మేమూ బాధితులమే" అన్నాడు. ఈసారి నవ్వలేదు, ఎవరో చెప్పి ఉంటారు. ఆ తర్వాత కంపెనీ వకీలు ఇంకో మాట వదిలాడు. షెడ్డు సురక్షితమేనని చూసి ఒప్పుకున్నది అప్పటి సేఫ్టీ ఆఫీసరేనట.

ఆ వార్త చూస్తూ సైరనమ్మ ఆసుపత్రి వరండాలో పెద్దగా నవ్వేసింది. పక్కనున్నవాళ్ళు భయపడ్డారు.

లోపల అమ్మ ఊపిరితిత్తులు పొగతో పాడైపోయి, మొహానికి ఆక్సిజన్ తొడుగుతో పడుకుని ఉంది. మామయ్య పండ్ల సంచీ పట్టుకుని వచ్చాడు. తలుపు దగ్గర మేనకోడలు పక్కకు తప్పుకోలేదు.

"వకీలు చెప్పింది నిజమా? నేను ఒప్పుకున్నానా ఆ షెడ్డుకి?"

"నేను అనలేదమ్మా. వాళ్ళు అనమంటున్నారు. విచారణలో."

"అంటావా?"

ఆయన సంచీ ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. లోపల్నించి అమ్మ చెయ్యి ఊపింది, రానివ్వమని. మామయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అమ్మ తొడుగు పక్కకి జరిపింది. ఒక్కో మాటకీ ఊపిరి కూడగట్టుకుంటూ అడిగింది.

"ఒరే, అక్కడేం వండుతున్నారో నీకు తెలుసా?"

"తెలియదక్కా. ఒట్టు."

"తెలుసుకోవాలనుకున్నావా?"

ఆయన నోరు తెరిచాడు. చిన్నప్పటినుంచీ ఆ అక్క దగ్గర ఆయన అబద్ధం ఎప్పుడూ నిలబడలేదు. "లేదు" అన్నాడు.

అమ్మ తొడుగు పెట్టేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన చాలాసేపు కూర్చున్నాడు. అక్క ఇటు తిరగలేదు. పండ్లు నర్సులకిచ్చి వెళ్ళిపోయాడు.

విచారణకు ఒక రిటైర్డు జడ్జిగారిని వేశారు. కాలనీ జనమంతా వచ్చి వెనక బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. దర్జీ భార్య ముందు వరసలో కూర్చుంది. కంపెనీ వకీలు మామయ్యను మెత్తగా, పసిపిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టు అడుగుతూ పోయాడు. మామయ్య "అవునండీ, అవునండీ" అంటున్నాడు. సైరనమ్మ అనుకుంది, అయిపోయింది, ఈయన ఇంతే.

"అయితే షెడ్డుకి సేఫ్టీ ఆఫీసరు ఆమోదం ఉందన్నమాట?"

"లేదండీ."

వకీలు తాను సరిగ్గా వినలేదనుకున్నాడు. "మరోసారి ఆలోచించి చెప్పండి."

"ఆలోచించానండీ. ఆ అమ్మాయి నా గదికొచ్చి అది మత్తుమందని మొహం మీద చెప్పింది. నేను కిటికీ మూశాను. మా డ్రమ్ములు బిల్లు లేకుండా పోతున్నది నిజం. పంపమన్నది హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఈ సారు." ఆయన కత్తెర వైపు వేలు చూపాడు. వేలు దించలేదు. "పొగ లేచినప్పుడు నాతో చెప్పాడు, కార్లు వెళ్ళేదాకా నోరెత్తొద్దని. నేనెత్తలేదు. మా అక్క గోడకవతలే ఉంది, అయినా ఎత్తలేదు."

"మీ దగ్గర రుజువేమైనా ఉందా?" వకీలు గొంతు చిరచిరలాడింది.

"సిగ్గుమాలి నేనే చెబుతున్నాను కదండీ."

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దర్జీ భార్య మాత్రం ఆయన్ను తేరిపారజూసి, "అప్పుడు చెప్పి ఉంటే!" అంది. అంతే.

కత్తెరను అరెస్టు చేశారు. జామీను మీద బయటికొచ్చి, కేసు నడుస్తుండగానే ఇంకో కంపెనీలో ఖర్చులు తగ్గిస్తున్నాడు. అలాంటివాళ్ళకి పనికి కొదవుండదు. ఇన్‌స్పెక్టరుకి బదిలీ అయింది, టీ ఎక్కడైనా దొరుకుతుంది. ఫ్యాక్టరీ కొన్నాళ్ళు మూతపడి, పేరు మార్చుకుని మళ్ళీ తెరుచుకుంది. కొత్త యజమానులు సైరనమ్మను పిలిపించి, ఉద్యోగం మళ్ళీ ఇస్తామన్నారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. కాలనీ గోడకు, ట్యాంకులకు మధ్య స్థలాన్ని కాలనీవాళ్ళ పేర రాసిమ్మంది. మీ దగ్గరుంటే మళ్ళీ అద్దెకిస్తారని వాళ్ళ మొహానే చెప్పింది. వాళ్ళు నెలల తరబడి నాన్చారు. వకీళ్ళను పంపారు. ఆమె కాలనీ జనాన్ని వెంటేసుకుని గేటు ముందు కూర్చుంది. చివరికి రాసిచ్చారు, పెద్ద ఉదారంగా, ఫోటోలు తీయించుకుని మరీ. అప్పుడు ఉద్యోగంలో చేరింది.

మామయ్యకి ఉద్యోగం పోయింది. గుట్టుగా గడుపుదామనుకున్న ఆ నాలుగు రోజులూ కోర్టు మెట్లమీదే గడుస్తున్నాయి. వీలైనప్పుడల్లా అక్క ఇంటికొచ్చి వరండాలో కూర్చుంటాడు. అమ్మ ఇప్పుడు నాలుగడుగులు వేస్తే కూర్చోవాల్సిందే, మాట్లాడితే ఆయాసం. తమ్ముడితో మాత్రం ఆయాసమనే సాకు కూడా లేకుండా మాట్లాడటం మానేసింది. సైరనమ్మే టీ ఇచ్చేది. ఆయన తాగి, కప్పు కడిగి పెట్టి వెళ్ళిపోయేవాడు.

వానాకాలం మొదలైన రోజున ఆయన తడిసి ముద్దయి వచ్చాడు. అమ్మ లోపల్నించి తువ్వాలు తెచ్చి ఆయన మొహాన విసిరింది.

"గొడుగు తెచ్చుకోవడానికి కూడా పైవాళ్ళ అనుమతి కావాలట్రా, దద్దమ్మా?" అంది. అన్ని నెలల తర్వాత అదే మొదటి మాట. ఆయన తువ్వాల్లో మొహం దాచుకుని తల తుడుచుకుంటూ ఉండిపోయాడు, ఆరిపోయాక కూడా.